ఈ టాటూ డిజైన్‌లో ఉన్నది తామరా, కలువా?

మణికట్టు మీద తామరపువ్వు టాటూ వేయించుకుందామనుకుంటున్నాను. మొదటిసారి, పైగా నచ్చకపోతే తుడిచేసేది కాదు కాబట్టి అడుగుతున్నా.

నచ్చిన డిజైన్ కింద "ఈజిప్టు లోటస్, పునర్జన్మ" అని ఉంది. దగ్గరగా చూస్తే సన్నగా మొనదేలిన నీలి రేకులు, పక్కనున్న ఆకుకి ఒకవైపు చీలిక. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది కదా! పువ్వు మధ్యలో తామరకుండే గింజల దిమ్మె కూడా లేదు. అంటే ఇది నీలికలువేనా? ప్రాచీన ఈజిప్టువాళ్లు పొద్దున్నే విచ్చుకునే ఆ కలువనే సూర్యుడితో, పునర్జన్మతో ముడిపెట్టారు, నిజమే. కానీ నాకు కావలసిన అర్థం వేరు: బురదలో పుట్టినా మురికి అంటని బౌద్ధుల పద్మం. తామరాకు మీద నీటిబొట్టు అంటామే, అలాంటిది. (అసలు పువ్వు మానేసి ఆకూ బొట్టూ వేయించుకుంటే సరిపోతుందేమో.)

ఇంకొకటి. బౌద్ధంలో తెల్ల పద్మం మనశ్శుద్ధికి, ఎర్రది కరుణకి గుర్తంటారు. నల్ల ఇంకుతో గీతలు మాత్రమే వేయిస్తే ఆ తేడా ఎలా చూపించాలి? మొగ్గగానా, సగం విచ్చినట్టా, పూర్తిగా విరిసినట్టా? వేయించుకున్నవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.