అప్‌డేట్: ఆపరేషన్ తర్వాత నాన్న ఎన్ఎల్ఆర్ 10 దాటింది, డాక్టర్ ఏమన్నారంటే

పర్లాకిమిడి నుంచి మళ్ళీ నేనే. క్యాన్సర్‌కి నాన్న జీర్ణాశయం మొత్తం తీసేసిన మూడో రోజు సీబీసీలో (రక్తకణాల లెక్క) న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్స్ 8 శాతం వచ్చాయి; రెండూ తెల్ల రక్తకణాల్లో రకాలే. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే వచ్చేదే ఎన్ఎల్ఆర్, అది 10 దాటింది. అది ఎక్కువుంటే జబ్బు తిరగబెడుతుందని చదివి, నిద్రపట్టక, నిజమేనా అని ఇక్కడ అడిగాను. ఓపిగ్గా చెప్పిన అందరికీ దండాలు.

"ఆపరేషన్‌కి ముందు తీసిన రిపోర్టు వెతుకు తమ్ముడూ" అని ఇక్కడ రాసిన ఒక అక్క మాటే పనికొచ్చింది. స్కాన్ కవర్లో మడతపెట్టి ఉంది: న్యూట్రోఫిల్స్ 68, లింఫోసైట్స్ 24. అంటే 2.8. విశాఖలో సర్జన్ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించారు. కోత పడ్డాక ఎవరికైనా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి. ఒంట్లో వాపుని చూపే సీఆర్పీ అనే రక్తపరీక్ష కూడా రెండు మూడు రోజులు ఎగబాకుతుంది. అప్పుడు వాళ్ళు చూసేది ఇన్ఫెక్షన్ ఉందా, కుట్ల దగ్గర లీకు ఉందా అని. నేను చదివిన పరిశోధనలు ఎక్కువగా ఆపరేషన్ ముందు లెక్కవి. వాటిలోనూ హద్దు ఒక్కోచోట ఒక్కోటి, ఒక్క మనిషి విషయంలో దాంతో తేల్చలేమన్నారు.

కీమో నిర్ణయమంతా తీసేసిన జీర్ణాశయం బయాప్సీ మీదే జరిగింది: టీ3 (గడ్డ జీర్ణాశయం గోడలో లోతుగా పాకింది), 19 లింఫు గ్రంథుల్లో 2 టికి పాకింది, స్టేజ్ 2బి.

 రక్తంలోని ప్రోటీన్ అల్బుమిన్ తగ్గి 2.9 ఉండటం మాత్రం సర్జన్ గారు పట్టించుకున్నారు, గుడ్లు పెట్టమన్నారు. జీర్ణాశయం లేదు కాబట్టి విటమిన్ బీ12 ఇంజెక్షన్ ఇక ఎప్పటికీ వేయించాలి.

ఆరో వారం ఎన్ఎల్ఆర్ 2.4. నాన్న అర ఇడ్లీ చొప్పున రోజుకి ఆరుసార్లు తింటున్నారు. సోమవారం కీమో మొదలు.