ఊరటనిచ్చే మిక్స్‌లో పాటలు కలపాలా, పాటను పూర్తిగా పాడనివ్వాలా?

అర్ధరాత్రి డెక్స్:
పదకొండేళ్లుగా డీజేగా పనిచేస్తున్నాను. వారానికి మూడు రాత్రులు క్లబ్బులో హౌస్, టెక్నో అనే డ్యాన్స్ సంగీతం వేస్తాను. తెల్లవారుజామున ఐదింటికి ఇల్లు చేరతాను, మధ్యాహ్నం లేస్తాను. సాయంత్రం దాకా కొత్త ట్రాకులు వినడం, ఎక్కడినుంచి అందుకోవాలో వాటికి గుర్తులు (క్యూ పాయింట్లు) పెట్టుకోవడం, ఇదే నా రోజు. ఇంట్లో నా కోసం వినేది మాత్రం వేరు. నెమ్మదైన పియానో, పాత సోల్, మాటల్లేని డబ్ (రెగేలోంచి పుట్టిన సంగీతం).

ఈ మధ్య మా అక్కకి ఆపరేషన్ అయింది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంటే గంట మిక్స్ చేసి పంపాను. పదహారు పాటలు, ఒక్క చోట కూడా బీటు తొణకలేదు. రెండు రోజులకి అక్క ఫోన్ చేసి, "పాటలు బాగున్నాయిరా. కానీ ఒక పాటలో నేను కుదురుకునేలోపే దాని మీదికి ఇంకోటి వచ్చేస్తోంది. కూర్చున్నదాన్ని లేపి పక్కకి జరగమన్నట్టుంది" అంది.

అప్పటినుంచి ఇదే ఆలోచన. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఊరట కోసం చేసే మిక్స్‌లో బీట్ మ్యాచింగ్, అంటే వేగాలు సరిచేసి ఒక పాట బీటు మీద ఇంకోదాని బీటు కలపడం, చేయకూడదు, పాట మొదటినుంచి చివరిదాకా నడవాలి. బీట్లు కలపడం డ్యాన్స్ ఫ్లోర్ మీద కాళ్లు ఆగకుండా ఉండటానికి. మంచం మీద పడుకున్న మనిషికి దాంతో పనేముంది? న్యూయార్క్‌లో 1970 ఫిబ్రవరి 14న తన ఇంట్లోనే 'లాఫ్ట్' పార్టీలు మొదలుపెట్టిన డేవిడ్ మాన్‌కూసో కూడా తర్వాతి కాలంలో మిక్సింగ్ మానేసి, రికార్డుల్ని చివరిదాకా వినిపించాడు. డ్యాన్స్ చేసేవాళ్లకే అది సరిపోయిందంటే, కళ్లు మూసుకుని వినేవాళ్లకి ఎందుకు సరిపోదు? మీరేమంటారు?

పాత రికార్డు:
పూర్తిగా ఒప్పుకుంటాను. ఇంకో కారణం కూడా ఉంది. టర్న్‌టేబుల్ మీద వేగం మారిస్తే శ్రుతి కూడా మారుతుంది. దాదాపు 6 శాతం పెంచితే పాట మొత్తం ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 టర్న్‌టేబుల్ మీద వేగం మార్చే పిచ్ స్లయిడర్ అటూ ఇటూ 8 శాతం దాకా పోతుంది, అంటే స్వరస్థానం దాటేస్తుంది. క్లబ్బులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ గొంతు మీ అక్కకి ఇరవై ఏళ్లుగా తెలిసినదైతే? తేడా ఏమిటో చెప్పలేకపోయినా, బాగా తెలిసిన మనిషి ఆ రోజు ఎందుకో వేరేగా మాట్లాడినట్టు అనిపిస్తుంది. ఊరటకి అది గొడ్డలిపెట్టు.

నిద్రలేని శ్రోత:
నేను డీజేని కాదండీ, వినేదాన్ని. రెండేళ్లు నిద్ర లేక రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గడిపాను కాబట్టి మాట్లాడుతున్నాను.

మీరిద్దరూ పాట గురించే చెప్తున్నారు. పాటకీ పాటకీ మధ్య ఏముందో ఎవరూ అనడం లేదు. నాకు భయం అక్కడే. పాట అయిపోతుంది, రెండు మూడు సెకన్లు ఏమీ వినిపించదు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ ఆలోచనలన్నీ ఆ సందులోంచే లోపలికి వస్తాయి. రేపటి పని, తీర్చాల్సిన అప్పు, ఎప్పుడో ఎవరినో అన్న మాట. తర్వాతి పాట మొదలయ్యేసరికి నేను పూర్తిగా మేలుకుని ఉంటాను. నాకు నిద్ర పట్టింది ఒకదాంట్లోంచి ఇంకోటి ఎప్పుడు మొదలైందో తెలియకుండా సాగే మిక్స్‌లతోనే. అవతల ఒక మనిషి ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) మీద చెయ్యి పెట్టి, నా కోసం మెలకువగా ఉన్నాడన్న ధైర్యం ఉండేది. ఆ చెయ్యి తీసేసి పాటల్ని వరసగా పేర్చి ఇస్తే ఇక డీజే ఎందుకు?

అర్ధరాత్రి డెక్స్:
శ్రోత గారూ, ఇది నాకు నిజంగా తట్టలేదు. ఇన్నేళ్లూ నా ఎదురుగా ఉన్నవాళ్లంతా నిలబడి వినేవాళ్లే. ఒక్కటి అడుగుతాను. మీకు నిద్ర పట్టించిన మిక్స్‌ల్లో మాటలున్న పాటలు ఉండేవా?

నిద్రలేని శ్రోత:
చాలా తక్కువండీ. ఉన్నా, నాకు తెలియని భాషలో.

బేస్‌లైన్:
అన్నా, అసలు సంగతి అక్కడుంది. బీట్లు కలపడం వేరు, పాటలు కలపడం వేరు. ఈ చర్చలో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

ముందు మీ అక్క మాట లెక్కేసి చూడండి. హౌస్‌లో మనకి అలవాటైన 32 బార్ల (బారుకి నాలుగు బీట్లు) బ్లెండ్, అంటే రెండు పాటలు కలిసి మోగే భాగం, 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్ల వేగంలో) 64 సెకన్లు. పాటకి రెండు చివర్లా అంతంత పోతే, నాలుగు నిమిషాల పాట ఒంటరిగా వినిపించేది రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆవిడ విన్న తొందర అదే. క్లబ్బు ట్రాకుల్లో కలపడం కోసమే ముందూ వెనకా ఖాళీ బీటు వదులుతారు. పాడే పాటలో ఆ చోటు ఉండదు. మొదటి పది సెకన్లలోనే గొంతు వచ్చేస్తుంది.

అలాగని సందు వదిలేయాలా? అక్కర్లేదు. స్పెయిన్ ద్వీపం ఇబిజాలో కఫే డెల్ మార్ అనే బార్‌లో 1991 నుంచి సూర్యాస్తమయానికి సంగీతం వేసిన డీజే హోసే పాదియాని తీసుకోండి. యాంబియెంట్, జాజ్, గిటారు, సినిమా సంగీతం పక్కపక్కన పెట్టేవాడు. వాటికి బీపీఎం ఎక్కడ కుదురుతుంది? నేను చేసే పద్ధతి ఇది. మొదటి పాట చివరి తీగ మోగుతూ ఆరిపోతుండగా, డ్రమ్ములు లేని తర్వాతి పాటను దాని కిందనుంచి మెల్లగా లేపుతాను. రెండింటి శ్రుతి కుదిరితే చాలు, వేగం ముట్టుకోను. వేగం మార్చినా శ్రుతి మారకుండా ఆపే కీ లాక్ ఉంది కదా అంటారు. కొద్దిపాటి మార్పుకి పర్వాలేదు కానీ, ఎక్కువ లాగితే డ్రమ్ము దెబ్బ మెత్తబడి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది.

ఇంకోటి, గిగ్ (క్లబ్బు ప్రదర్శన) నుంచి రాగానే మాత్రం రికార్డ్ చేయకండి. క్లబ్బుల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ హద్దులోనే ఉన్నా, రాత్రంతా అక్కడ గడిపాక చెవి మొద్దుబారే ఉంటుంది. ఒకసారి తెల్లారి ఆరింటికి మా అమ్మ కోసం మిక్స్ చేసి, హాయిగా ఉందనుకున్నాను. మధ్యాహ్నం లేచి వింటే ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంది.

పాత రికార్డు:
తమ్ముడూ, పద్ధతి బాగుంది. కానీ చివరి తీగ ఆరిపోయేదాకా ఆగడం కూడా పాటలో భాగమే. పాడినవాళ్లు అక్కడ ఊపిరి వదులుతారు, విన్నవాళ్లూ వదలాలి. దాని కిందనుంచి ఇంకోటి లేపితే ఆ ఊపిరి నాకు అందదు. శ్రోత గారి భయం నాకు అర్థమైంది. అయితే ఆవిడకి కావలసింది నిద్ర, నాకు కావలసింది ఓదార్పు. రెండూ ఒకటి కావు. మా నాన్న పోయిన నెలలో నేను రాత్రుళ్లు మెలకువగానే ఉండి విన్నాను, నిద్ర కోసం కాదు. ఒక్క పాట పూర్తిగా వినగలిగితే ఆ రోజుకి చాలనిపించేది.

నిద్రలేని శ్రోత:
మీరు చెప్పింది విన్నాక వాదించాలని లేదండీ. మీకు ఆ పాట అలాగే ఉండాలి. నాకు మాత్రం సందు వద్దు.

అర్ధరాత్రి డెక్స్:
వారం ఆగి రాస్తున్నాను. మొదట అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను.

సెలవు రోజున, చెవులు తేటగా ఉన్నప్పుడు కూర్చుని కొత్తది చేశాను. పదహారు కాదు, తొమ్మిదే. మొదటి నాలుగూ అక్కకి చిన్నప్పటినుంచి తెలిసిన పాటలు. వేగం మార్చలేదు, కోయలేదు, పాత రికార్డు గారు అన్న ఊపిరి కోసం మధ్యలో చోటు కూడా వదిలాను. ఆ సమయానికి ఆమె మెలకువగానే ఉంటుంది కదా. ఐదో దానినుంచి మాటల్లేవు, సందు లేదు, బేస్‌లైన్ చెప్పినట్టు ఒకదాని కింద ఒకటి. ఎక్కువ సమయం పట్టింది గెయిన్ (ఒక్కో పాట శబ్దం స్థాయి) సరిచేసే దగ్గర. పాత రికార్డింగులు మెల్లగా, కొత్తవి గట్టిగా ఉంటాయి. ఆ ఎగుడుదిగుడు క్లబ్బులో దాక్కుంటుంది, పడుకున్న మనిషి చెవిలో దాక్కోదు. అక్క రెండు రాత్రులు విన్నది. ఆరోది ఎలా ఉందని అడిగితే, ఆరోది ఉందా అంది.

నిద్రలేని శ్రోత:
చాలా సంతోషం అండీ. రెండు మాటలు చెప్పనా? నడిరాత్రి మెలకువ వచ్చినవాళ్లకి మొదటి నాలుగు పాటలు అక్కర్లేదు, రెండో సగం విడి ఫైలుగా కూడా ఇవ్వండి. ఇంకోటి, గంట అయ్యాక ఫైలు టక్కున ఆగిపోతుంది. నేను చాలాసార్లు లేచింది అప్పుడే.

అర్ధరాత్రి డెక్స్:
చివర గురించి నేను ఆలోచించనే లేదు. ఈ రాత్రి గిగ్ లేదు. రెండో సగం విడిగా తీసి, చివరి ఐదు నిమిషాలూ ఫేడర్‌ని చేత్తోనే తగ్గిస్తూ మళ్లీ రికార్డ్ చేస్తాను. మీకూ పంపుతాను.