గ్రానైట్ కంకర మీద తారు నిలవదా? తప్పు రాయిదా, పనిదా?

కంకరగుట్ట:
వానలు వెళ్లాక పాడైన రోడ్డు తవ్వి చూడండి. కంకర కడిగినట్టు తెల్లగా బయటపడుతుంది, తారు జాడే ఉండదు. నా మాట సూటిగా చెప్తాను: గ్రానైట్, క్వార్ట్జైట్ లాంటి సిలికా ఎక్కువున్న రాళ్లు తారు రోడ్డుకి పనికిరావు. వాటికి తారు కన్నా నీళ్లంటేనే ఇష్టం. సున్నపురాయి దొరికితే అదే వాడాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ల్యాబ్‌బల్ల:
సగం ఒప్పుకుంటాను. తారులో ఎక్కువ భాగం నూనె స్వభావం ఉన్నదే. రాయిని గట్టిగా పట్టుకునేవి అందులో కొద్దిగా ఉండే కార్బాక్సిలిక్ ఆమ్లాల లాంటివి. సున్నపురాయి మీద అవి కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని లవణం అవుతాయి. గ్రానైట్ మీద దొరికేది చాలావరకు బలహీనమైన హైడ్రోజన్ బంధమే, నీళ్లు రాగానే ఆ చోటు నీళ్లే ఆక్రమిస్తాయి. పైగా గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో సోడియం, పొటాషియం ఉంటాయి. వాటితో అయ్యే లవణం అచ్చం సబ్బే, కరిగిపోతుంది. కానీ "పనికిరావు" అనకండి. కంకర బరువులో 1 నుంచి 2 శాతం హైడ్రేటెడ్ సున్నం (నీళ్లతో విరిసిన సున్నప్పొడి) పట్టిస్తే గ్రానైట్‌కీ ఆ కాల్షియం అందుతుంది.

రోలర్‌బాట:
కంకరగుట్ట గారూ, సున్నపురాయి పై పొరలో వేస్తే టైర్ల రాపిడికి నున్నగా అరిగిపోతుందండీ. తడి రోడ్డు మీద బండి జారితే ప్రాణాలు పోతాయి. ఇక దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదేం? దుమ్ము పట్టిన కంకర ఏ రాయిదైనా, తారు దుమ్ముకి అంటుకుంటుంది గానీ రాయికి కాదు. రోలింగ్ కూడా అంతే. రోలర్‌తో అణిచాక పొరలో మిగిలే గాలి ఖాళీలు 4 శాతం దగ్గర ఉంటే నీళ్లు లోపలికి పోవడమే కష్టం. 8 శాతం దాటాయంటే లోపలికి పోతాయి, తొందరగా బయటికి రావు. లారీ పోయిన ప్రతిసారీ ఆ నీళ్లు పంపు కొట్టినట్టు తారుని వలుస్తాయి. దీన్ని రాయి నేరం అనడం అన్యాయం.

కంకరగుట్ట:
నున్నబడటం నిజమే, పై పొర వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కింది పొరల్లో మాత్రం తీసుకోను. సున్నానికి బదులు, తారు రాయిని వదలకుండా అందులో కలిపే అమైన్ రసాయన ద్రవాలున్నాయి కదా, వాటిలో కొన్ని వేడి ట్యాంకులో ఎక్కువసేపు ఉంటే బలం కోల్పోతాయి. అసలు కలిపారో లేదో కంటికి కనిపించదు. రాయి అయితే కళ్ల ముందే ఉంటుంది.

ల్యాబ్‌బల్ల:
కంటికి కనిపించకపోయినా పరీక్షకి దొరుకుతుందండీ. తారు పట్టించిన కంకరని 10 నిమిషాలు మరిగిస్తే ఎంత ఊడిందో తెలుస్తుంది. అది తొలి వడపోత పరీక్ష మాత్రమే. రోలర్‌బాట గారు చెప్పిన ఖాళీల ప్రభావం అందులో తెలియదు. తారు కలిపిన కంకరతో సుమారు 7 శాతం ఖాళీలుండే దిమ్మలు చేసి, వాటిలో సగం దిమ్మల్ని నీళ్లలో నానబెట్టి, తడివాటి తన్యబలం (లాగితే చీలకుండా తట్టుకునే బలం) పొడివాటిలో 80 శాతమైనా ఉందా చూడాలి. అదీ పని జరిగే చోటి రాయితో, ఆ ట్యాంకులోని తారుతోనే.

రోలర్‌బాట:
ఆ దిమ్మలకి కంకర కడగకుండా, కుప్పలో ఉన్నది ఉన్నట్టే తీసుకుంటారా? అలా అయితే నాకు అభ్యంతరం లేదు.