నాలుగో తరగతి ‘గ్రామ పంచాయతీ’ పాఠం: జవాబులు వస్తున్నాయి, చదవడం రావట్లేదు

నాలుగో_తరగతి_టీచర్ అడిగిన ప్రశ్న:

తరగతిలో 26 మంది. గ్రామ పంచాయతీ పాఠం నడుస్తోంది. ‘సర్పంచ్‌ను ఎవరు ఎన్నుకుంటారు?’ అంటే గడగడా చెప్పేస్తారు. అదే వాక్యం పుస్తకంలో వేలు పెట్టి చూపిస్తే సగం మంది ఆగిపోతారు. తొమ్మిది మందికి ఒత్తులు సరిగా రావు. తెలుగు వేరు, పరిసరాల విజ్ఞానం వేరు అని పెట్టుకుంటే రెండూ తెమలడం లేదు. ఈ పాఠంతోనే పదాలూ చదవడమూ నడిపించాలని ఉంది. రెండు వారాలు, రోజుకు 40 నిమిషాలు దొరుకుతాయి. ఎన్ని పదాలు తీసుకోవాలి, ఏవి తీసుకోవాలి? ఒత్తులు రానివాళ్ళ సంగతేమిటి? పాఠం చివరి కొత్త పదాలను ఐదేసిసార్లు రాయించడం వల్ల ఉపయోగం ఉందా?

ఎస్జీటీ_కృష్ణాతీరం:

చివరి ప్రశ్నకు ముందు జవాబు: లేదండీ. ‘బాధ్యత’ ఐదుసార్లు రాయమంటే కొందరు నిలువుగా ఐదు ‘బా’లు, పక్కన ఐదు ‘ధ్య’లు, ఆ పక్కన ఐదు ‘త’లు పెట్టేస్తారు. పదాన్ని ఒక్కసారి కూడా చదవరు. మొదటి వరుసలో ఒత్తు తప్పితే కిందంతా అదే తప్పు.

పదాలను మూడు కుప్పలుగా విడదీయండి. మొదటిది చెవికి తెలిసినవి, కంటికి తెలియనివి: సర్పంచ్, పంచాయతీ, ఓటు, రేషన్, గ్రామసభ. వీటికి అర్థం చెప్పడం దండగ, పిల్లలకు ఎప్పుడో తెలుసు. చదివించడమే పని.

రెండో కుప్ప దగ్గరే అసలు చిక్కు. పదం తెలుసు, కానీ ఇంకో అర్థంలో తెలుసు. ‘పంచాయతీ పన్ను వసూలు చేస్తుంది’ అని చదివిన పిల్లాడు నోట్లోని పన్ను అనుకుని నవ్వుతాడు. లేదంటే నవ్వకుండా ఊరుకుంటాడు, అది ఇంకా ప్రమాదం. బోర్డు మీద రెండు జతలు రాయండి: పన్ను – పళ్ళు, పన్ను – పన్నులు. ఊడేదానికి బహువచనం పళ్ళు, కట్టేదానికి పన్నులు. ఐదు నిమిషాల పని, మళ్ళీ మరిచిపోరు. ‘గుర్తు’ కూడా ఇలాంటిదే, గుర్తుంచుకోవడం వేరు, ఎన్నికల గుర్తు వేరు. ‘వార్డు’ అంటే ఆసుపత్రి వార్డే తెలిసినవాళ్ళుంటారు. ఆంధ్రలో ‘సచివాలయం’ మరీను. 2019 అక్టోబరు 2 నుంచి ఊళ్ళో గ్రామ సచివాలయం వచ్చేసరికి, రాష్ట్ర సచివాలయం అని చదివితే పిల్లల కళ్ళ ముందు ఊళ్ళోని భవనమే మెదులుతుంది.

మూడో కుప్ప బొత్తిగా కొత్తవి: తీర్మానం, ప్రతినిధి, బాధ్యత, ఏకగ్రీవం. వారానికి నాలుగు మించితే నిలవవు. నిర్వచనంతో మొదలుపెట్టొద్దు. ‘తీర్మానం’ కోసం తరగతిలో నిజంగా తేలాల్సిన విషయం ఒకటి తీసుకోండి, నీళ్ళ సీసాలు ఎక్కడ పెట్టాలి అన్నా చాలు. ముగ్గురు తలో మాట చెప్పాలి. చేతులెత్తించి లెక్కపెట్టాలి. తర్వాత బోర్డు మీద ‘సీసాలు కిటికీ కింద పెట్టాలని తరగతి తీర్మానం చేసింది’ అని రాసి, కింద అందరి చేతా సంతకాలు పెట్టించాలి. ఆ వాక్యం వారమంతా బోర్డు మూల చెరపకుండా ఉండాలి. పిల్లలు దీన్ని ‘తీర్పు’తో కలిపేస్తారు. తీర్పు ఒకరు చెప్పేది, తీర్మానం పదిమంది కలిసి చేసేది అని పక్కపక్కన పెట్టి చూపండి.

‘బాధ్యత’లో ‘బాధ’ కనిపించి, కష్టం అని అర్థం చెప్పేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ‘ఏకగ్రీవం’ మాత్రం దశగ్రీవుడి దగ్గర మొదలుపెడితే సులువు. పది మెడలవాడు రావణుడు కదా, గ్రీవం అంటే మెడ. ఊరంతా ఒకే మెడ మీద తల ఉన్నట్టు ఒకే మాట మీదుంటే ఏకగ్రీవం.

తొలిమెట్టు_రిసోర్స్:

పదాల సంగతి పై సార్ చెప్పారు. ఒత్తుల గురించి నేను చెబుతాను. పాఠం ఏ వరుసలో పదాలిచ్చిందో ఆ వరుసలో వెళ్తే ఆ తొమ్మిది మందీ మొదటి పేరాలోనే పడిపోతారు. ముందు ద్విత్వాలు, అంటే అక్షరానికి అదే ఒత్తు వచ్చేవి: హక్కు, పన్ను, ఎన్నిక, చెత్త. రెండు రోజులకు సంయుక్తాలు, అంటే వేరే ఒత్తు వచ్చేవి: గ్రామం, సభ్యుడు, బాధ్యత, వార్డు, తీర్మానం. రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటి సంశ్లేషాలను (ఒకే అక్షరానికి రెండు ఒత్తులున్నవాటిని) విడదీసి నేర్పుతూ కూర్చోవద్దు. కార్డు మీద బొమ్మలా మొత్తం గుర్తుపట్టిస్తే చాలు, విడదీయడం తర్వాత వస్తుంది.

‘వార్డు’ మీద కన్నేసి ఉంచండి. కింద డ ఒత్తు వదిలేసి ‘వారు’ అని చదివేస్తారు. ‘వారు సభ్యుడు వచ్చాడు’ అని చదివినా వాళ్ళకు తేడా అనిపించదంటే, అర్థంతో చదవడం లేదన్నమాట. అక్కడ తప్పు దిద్దకండి, ‘ఎవరు వచ్చారు?’ అని అడగండి. వాక్యంలోకి తిరిగి వెళ్ళి వాళ్ళే పట్టుకుంటారు.

ఇంకో అడ్డంకి పాఠ్యపుస్తకపు వాక్యమే. ‘సర్పంచ్ ప్రజలచే నేరుగా ఎన్నుకోబడతాడు’ లాంటివి ఇంట్లో ఎవరూ అనరు. ‘ఊళ్ళో ఓటర్లు సర్పంచ్‌ను ఎన్నుకుంటారు’ అని బోర్డు మీద తిరగరాసి ముందు అది చదివించండి, తర్వాత పుస్తకం వాక్యానికి రండి. పొడుగు పదాలను పెన్సిలు గీతతో కోయించండి: గ్రామ/పంచాయతీ/లో, ఎన్ను/కుంటారు. రెండో వారం ఆ గీతలు రబ్బరుతో చెరిపించాలి, లేకపోతే గీతలు లేని పదం చదవలేరు.

రోజూ పాఠం మొత్తం చదివించే బదులు ఇలాంటి ముక్క ఒకటి చార్టు మీద రాసుకోండి:

‘ఈ రోజు గ్రామసభ. పంచాయతీ ఆఫీసు ముందు జనం చేరారు. సర్పంచ్ మాట్లాడారు. మూడో వార్డులో వీధి దీపాలు వెలగడం లేదని ఒకామె చెప్పింది. వార్డు సభ్యుడు అవునన్నాడు. ఇంటి పన్ను డబ్బులతో దీపాలు వేయాలని అందరూ చేతులెత్తారు. కార్యదర్శి తీర్మానం రాశాడు.’

31 పదాలు. మొదటి రోజు మీరు చదవాలి, వాళ్ళు వేలు కదపాలి. రెండో రోజు జతగా, ఒత్తులు వచ్చినవాడి పక్కన రానివాడు, వాక్యానికి ఒకరు. మూడో రోజు వాక్యాల చీటీలు కలిపేసి వరుసలో పేర్చమనండి. నాలుగో రోజు ఒక్కొక్కరు. తరగతంతా కోరస్‌గా చదవడం వినడానికి బాగుంటుంది కానీ, ఆ తొమ్మిది మంది దాక్కునేది అందులోనే.

నాలుగో_తరగతి_టీచర్:

చాలా థాంక్సండీ. నిమిషానికి ఇన్ని పదాలు అని లెక్క చూడాలా? మూడో తరగతికి 60 అంటున్నారు కదా.

తొలిమెట్టు_రిసోర్స్:

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యంలో ఉన్న అంకె అది. తెలుగులో ‘పంచాయతీవాళ్ళతో’ అన్నది ఒక్క పదం. హిందీలో అదే మాట మూడు నాలుగు ముక్కలుగా రాస్తారు, మూడు నాలుగు పదాల లెక్క వస్తుంది. కాబట్టి ఆ అంకెతో మరీ కొట్టుకోవద్దు. పై 31 పదాల ముక్కను నిమిషంలోపు, మూడు తప్పులు మించకుండా చదివి, ‘దీపాల డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?’ అంటే చెప్పగలిగితే ఆ పిల్లకు ఈ పాఠం వచ్చినట్టే. ఇది ప్రభుత్వ కొలత కాదు, తరగతిలో పని నడవడానికి పెట్టుకునే గీత.

చాటింపు_మేడమ్:

పంచాయతీ నోటీసు బోర్డును మించిన వాచకం లేదు. ‘ఇందుమూలముగా గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలయ్యే నోటీసు ఒకటి నకలు తెచ్చుకోండి. గ్రామసభ నోటీసైతే మరీ మంచిది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 దగ్గరపడితే దొరుకుతుంది. నలుగురేసి పిల్లలకు ఒక నకలు. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎవరు రావాలి అన్న నాలుగింటి కింద నాలుగు రంగుల గీతలు గీయాలి. ఆ తర్వాత దాన్నే చాటింపుగా మార్చాలి: ‘అహో, వినండహో! రేపు పొద్దున పది గంటలకు...’ డప్పుకు బదులు బల్ల చాలు. తెలియజేయునది, హాజరు కాగలరు లాంటి రాతమాటలు నోటిమాటలోకి దిగేటప్పుడు అర్థం దానంతటదే తేలుతుంది. రాసేటప్పుడు ఒక తప్పు అందరూ చేస్తారు. తేదీ ఉంచి గంట వదిలేస్తారు. వదిలేసిన చాటింపు విని పక్క జట్టు ‘ఎన్నింటికి?’ అని అడగాలి, మీరు అడగొద్దు.

‘మేమూ గ్రామసభ సభ్యులమేనా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు, ఓటర్ల జాబితాలో పేరుండాలి, అంటే 18 నిండాలి. 

ఇంటి పన్ను రసీదులు ఇళ్ళ నుంచి తెమ్మనకండి. బకాయి ఉన్న ఇంటి పిల్లాడు అందరి ముందు చిన్నబోతాడు. ఖాళీ రసీదు నమూనా బోర్డు మీద గీసి, ఊహాపేర్లతో నింపించండి. యజమాని, ఇంటి నంబరు, మొత్తం, బకాయి... ఇవే నాలుగు పదాలు.

బ్యాలెట్_బాక్స్:

తరగతి ఎన్నిక పెట్టేవాళ్ళకు ఒక్క మాట. మొదటి విడతలో గుర్తులు పెట్టొద్దు. గుర్తుంటే పేరు చదవకుండానే ముద్ర కొట్టేస్తారు. గుర్తులు వచ్చిందే చదవడం రానివాళ్ళ కోసం కదా. 1951-52 మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. కాబట్టి మొదట పేర్లు మాత్రమే ఉన్న చీటీ, రెండోసారి గుర్తులతో చీటీ. చెల్లని ఓట్లు ఎందులో ఎక్కువ వచ్చాయో పిల్లలే లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. మొదటి విడతకు ఒకేలా మొదలయ్యే పేర్లున్నవాళ్ళను నిలబెట్టండి, రమ్య, రమ, రమణ అన్నట్టు. చివరి అక్షరం దాకా చదవక తప్పదు. తెలంగాణలో లాగా సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం వాడితే రెండు పదవులూ కలగాపులగం కావు. ఓడినవాళ్ళు ఏడిస్తే ఆ రోజు పాఠం అక్కడికి ఆగిపోతుంది. అందుకని పదవి చిన్నదిగా, వారానికే పెట్టండి. మొక్కలకు నీళ్ళు పోసే బాధ్యత సరిపోతుంది.