నా వాటా పచ్చసొన కుక్క తింటోంది, దాని రక్తనాళాలు పూడవా?

బ్రూనో_నాన్న: రెండు నెలల కిందట నాకు స్టెంట్ వేశారు. అప్పట్నుంచి పచ్చసొన బంద్. నా వాటా మా లాబ్రడార్ బ్రూనోగాడికి పోతోంది. "రేపు దానిక్కూడా స్టెంట్ వేయిస్తారా ఏంటి" అంటోంది మా ఆవిడ. నవ్వులాట పక్కన పెడితే, కుక్కలకీ నాళాల్లో కొవ్వు పడుతుందా? పట్టింది మళ్లీ పోతుందా?

పాత_ల్యాబ్_మనిషి: పదకొండేళ్లు కుందేళ్ల ల్యాబులో పనిచేశానండి. కొలెస్ట్రాల్ కలిపిన మేత కొన్ని వారాలు పెట్టి, తర్వాత బృహద్ధమనిని (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళాన్ని) నిలువునా చీల్చి సుడాన్ రంగులో ముంచేవాళ్లం. కొవ్వున్న చోటల్లా ఎర్రటి మరకలు. గొట్టమంతా ఒకేలా ఉండదు, గుండె దగ్గరి వంపులోనూ కొమ్మలు చీలే మూతుల చుట్టూనూ ముందు కనబడతాయి. నెత్తురు సుడి తిరిగేది అక్కడే. కాలవ తూము దగ్గర ఒండ్రులా అంటారు గానీ, ఇది గోడ మీద పేరుకునేది కాదు, గోడలోకి దూరేది. ఆ కొవ్వును మింగిన తెల్లకణాలు నురగలా ఉబ్బుతాయి. ఆ తర్వాత కండర కణాలు పైకి పాకి పీచు మూత కడతాయి. మూత కింద చచ్చిన కణాల ముద్ద.

ఇది 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్‌కోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త చూపించిందే. పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కరిగించి కుందేళ్లకు పెట్టాడు. అదే ఎలుకలకు పెడితే ఏమీ కాలేదు, దాంతో "గడ్డి తినే జంతువు గొడవలే" అని చాలామంది కొట్టిపారేశారు.

కుక్క కూడా మొండిదే. దాని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం హెచ్‌డీఎల్, అదే "మంచి కొలెస్ట్రాల్" అంటారే అది. 1946లో థైరాయిడ్‌ను మందుతో అణిచి, పైన కొలెస్ట్రాల్ పెడితే గానీ కుక్కల్లో పూడిక రాలేదు. కాబట్టి బ్రూనోకి థైరాయిడ్ తక్కువున్నా, షుగరున్నా కాస్త చూసుకోవాలి.

ఎమ్మెస్సీ_సెకండియర్: అన్నా, మరి ఇప్పుడంతా చిట్టెలుకల మీదే కదా?

పాత_ల్యాబ్_మనిషి: అవి మామూలు ఎలుకలు కావు తమ్ముడూ. 1992లో అపోఈ అనే జన్యువు (నెత్తురులోంచి కొలెస్ట్రాల్‌ను తీసేయడానికి తోడ్పడేది) తీసేసిన ఎలుకలు వచ్చాకే ఆ దారి పడింది. వాటికి పూడిక బాగానే వస్తుంది గానీ పీచు మూత చిట్లడం అరుదు. మనుషుల్ని చంపేది ఎక్కువగా ఆ చిట్లడమే. ఎలుకను చూసి మనిషి గురించి తేల్చేయకు.

తగ్గుతుందా అన్నారు కదా బ్రూనో నాన్నగారూ. 1970లో అయోవాలో రీసస్ కోతులకు కొవ్వు తిండి ఆపేసి 40 నెలలు చూశారు, గుండె నాళాల పూడిక బాగా తగ్గింది. నురగా కొవ్వూ ముందు పోతాయి, పీచు మొండికేస్తుంది. మీ మాత్రలు మాత్రం మానకండి. బ్రూనోగాడి బరువెంతో చెప్పండి ముందు.

బ్రూనో_నాన్న: 32 అనుకున్నానండి. ఎత్తుకుని కాటా ఎక్కి, నాది తీసేసి చూస్తే 39.