అయస్కాంతం పెడితే నానోఫ్లూయిడ్ వేడిని ఎక్కువ మోస్తుందా, తక్కువా?

కొత్తస్కాలర్: నీటిలో 2 శాతం రాగి నానోరేణువులు, వేడి ప్లేటు మీద ప్రవాహం, అడ్డంగా అయస్కాంత క్షేత్రం. హార్ట్‌మన్ సంఖ్యను (ద్రవపు జిగటతో పోలిస్తే అయస్కాంత బలం ఎంతో చెప్పేది) 0 నుంచి 5కి పెంచితే నస్సెల్ట్ సంఖ్య (గోడ నుంచి ద్రవానికి వేడి ఎంత బాగా చేరుతుందో చెప్పేది) తగ్గుతోంది. మా సీనియర్ పెరగాలంటున్నారు. ఎవరిది కరెక్టు?

సరిహద్దుపొర: మీదే. లోరెంజ్ బలం, అంటే కదిలే వాహక ద్రవం మీద అయస్కాంత క్షేత్రం చూపే బలం, ప్రవాహానికి బ్రేకులాంటిది. ప్లేటును ఆనుకుని నెమ్మదిగా కదిలే పొర మందమవుతుంది, గోడ దగ్గర ఉష్ణోగ్రత వాలు తగ్గుతుంది. గాఢత పొరదీ అదే దారి, షేర్‌వుడ్ సంఖ్య (వేడికి నస్సెల్ట్ ఎలాగో, పదార్థం బదిలీకి ఇది అలాగ) కూడా దిగుతుంది. నా థీసిస్‌లో మూడు అధ్యాయాలు దీని మీదే.

గొట్టంమనిషి: ప్లేటు వరకే అది. రెండు సమాంతర పలకల మధ్య, ఫ్లో రేటు మార్చకుండా క్షేత్రం పెంచి చూడండి. వేగం మధ్యలో చదునవుతుంది, గోడల దగ్గర నిటారుగా లేస్తుంది. గోడ ఉష్ణోగ్రత స్థిరమైతే, జౌల్ వేడిని (ద్రవంలో పుట్టే కరెంటు వల్ల వచ్చేది) వదిలేస్తే, నస్సెల్ట్ 7.54 నుంచి 9.87 వైపు పెరుగుతుంది. పంపు మీద భారం పడుతుందనుకోండి, అది వేరే సంగతి.

సరిహద్దుపొర: అడిగింది ప్లేటు గురించి.

గొట్టంమనిషి: సీనియర్ ఛానల్ గురించి అన్నారేమో, మీకేం తెలుసు?

ఊరికేచదివేవాడు: ప్రతి థ్రెడ్‌లో వీళ్లిద్దరిదీ ఇదే గొడవ.

కొలతలరాయుడు: అసలు హార్ట్‌మన్ 5 ఎక్కణ్ణుంచి వచ్చింది? పొడవు 1 సెంటీమీటరు, క్షేత్రం 1 టెస్లా, నీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.05 సీమెన్స్ అనుకుంటే వచ్చేది 0.07. 5 కావాలంటే 70 టెస్లాలు పెట్టాలి. ఆగకుండా నడిచే అయస్కాంతాలు 45 టెస్లాల దగ్గరే ఆగిపోయాయి.

సరిహద్దుపొర: రాగి కలిపాం కదండీ! వాహకత ఎన్నో రెట్లు పెరగదా?

కొలతలరాయుడు: రేణువులు ఒకదానికొకటి తగలకపోతే మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం పెరిగేది 6 శాతం. అయాన్లు చేరితే ఇంకొంత. రెండేళ్లు కొలిచి "తేడా కనబడలేదు" అని రాస్తే, కొత్తదనం లేదని నా పేపరు తిప్పి పంపారు. మీ గ్రాఫులు మాత్రం అచ్చవుతాయి.

సరిహద్దుపొర: తిప్పి పంపింది నేనా? అంటే మేం చేసిందంతా దండగ అంటారు. సూటిగా చెప్పండి.

కొలతలరాయుడు: సమీకరణాలు సరైనవే. పాదరసం అని రాసుంటే ఇదే కొలతకి 1 టెస్లాకే 260 వస్తుంది, నోరెత్తేవాణ్ణి కాదు. నీరు అని రాశారు చూడండి, నా గొడవ అక్కడ.

సరిహద్దుపొర: నీరనే అందరూ రాశారు. నేను రాయకపోతే పాత పేపర్లతో పోల్చలేను, పోల్చకపోతే గైడ్ సంతకం పెట్టరు. తెలియక రాశాననుకుంటున్నారా?

కొత్తస్కాలర్: సీనియర్‌ని మళ్లీ అడిగాను. ఆయన అన్నది ఫెర్రోఫ్లూయిడ్ గురించట. అందులో మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్) రేణువులు, క్షేత్రం ఎక్కువున్న చోటుకి ద్రవాన్ని లాగుతాయి. హార్ట్‌మన్‌తో పనే లేదన్నారు.

గొట్టంమనిషి: సరే, ఛానలా ప్లేటా?