ప్రోటీన్ బంద్ పెట్టిన పాపం షీలా షెర్లాక్‌దేనా?

పథ్యం_వద్దు: లివర్ పాడైనవాళ్లకి మగత, తికమక వచ్చే జబ్బు (హెపాటిక్ ఎన్‌సెఫలోపతి) గురించి 1954లో లండన్‌లో లివర్ డాక్టర్లు షెర్లాక్, సమ్మర్‌స్కిల్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో పెద్ద సంగతే చెప్పింది. పేగుల్లో ప్రోటీన్ నుంచి పుట్టే అమ్మోనియా లాంటి నైట్రోజన్ పదార్థాలు లివర్‌ను తప్పించుకుని పక్కదారిన మెదడుకు చేరుతున్నాయని. అందుకు దండం. కానీ అప్పటి ప్రోటీన్ కోత మన డైట్ చార్టుల్లో ఇంకా తిష్ఠ వేసుకుని ఉంది: పప్పు లేదు, గుడ్డు లేదు.

బయాప్సీ_బాబాయ్: అప్పటికి చేతిలో ఏముందండీ? లాక్టులోజ్ (విరేచనం చేయించే తీపి సిరప్) ఈ జబ్బుకి వాడింది 1966లో. అప్పుడున్నవల్లా యాంటీబయాటిక్, ప్రోటీన్ కోత. అదీ తెలివి తప్పిన రోజులకే, కోలుకునే కొద్దీ పెంచుకుంటూ పోవాలి. ఆ పెంచడం మరిచిన వాళ్లని అడగండి.

కొత్తవాణ్ణి: గుడ్డు పెట్టొచ్చా లేదా, అది చెప్పండి చాలు.

పథ్యం_వద్దు: పెట్టొచ్చు. రోజుకు కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90. పప్పు, పెరుగు, పనీర్ అయితే ఇంకా మేలు. పడుకునే ముందు ఏదో ఒకటి తినాలి, రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే కండ కరుగుతుంది. లివర్ చేతులెత్తేసినప్పుడు అమ్మోనియాని గ్లుటమిన్ అనే పదార్థంగా మార్చి రక్తంలో తగ్గించేది ఆ కండే. ప్రోటీన్ ఆపడమంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. 2004లో బార్సిలోనాలో కోర్డోబా అనే డాక్టర్ బృందం తక్కువ ప్రోటీన్ పెట్టినవాళ్లని, మామూలుగా పెట్టినవాళ్లని పోల్చి చూస్తే, ప్రోటీన్ తగ్గించినందువల్ల మెదడుకు ఒరిగింది ఏమీ లేదు.

బయాప్సీ_బాబాయ్: ఆ ట్రయల్‌లో ఉన్నది 30 మంది! 30 మందిని చూపించి 1954ని బోనెక్కిస్తారా?

పథ్యం_వద్దు: 1954లో వేలమందిని చూశారా ఏమిటి? పెద్దావిడని అనకూడదు, అంతేగా మీ బాధ.

బయాప్సీ_బాబాయ్: మర్యాద తప్పొద్దు. నా బాధ ఆవిడ పేరు గురించి కాదు. "బాగా తినండి" అని మీరు రాసి పంపుతారు. లాక్టులోజ్ తీపి, కడుపుబ్బరం అని నాలుగో రోజుకే సీసా పక్కన పెట్టేస్తారు. మలబద్ధకం పడిందంటే మళ్లీ మగత, చేతులు చాచమంటే మణికట్టు తటతటా జారడం. అప్పుడు తప్పు గుడ్డుమీదకే పోతుంది.

వార్డు_సిస్టర్: ఎక్కువ పోసినా ముప్పే. 15 నుంచి 30 మి.లీ. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి, రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా సర్దాలి. ఆరేడు అయ్యాయంటే నీరు, పొటాషియం పోతాయి. పొటాషియం తగ్గితే కిడ్నీయే అమ్మోనియా ఎక్కువ తయారుచేస్తుంది.

పథ్యం_వద్దు: అయితే మీ గొడవ విరేచనాల లెక్కతో. ముందే అనొచ్చుగా. డిశ్చార్జి కాగితం మీద ప్రోటీన్ గ్రాముల పక్కనే ఆ లెక్కా రాయమనండి.

బయాప్సీ_బాబాయ్: రాసినా ఇంట్లో లెక్కపెట్టేదెవరో పేరు కూడా రాయాలి. అది లేకపోతే నేను ఒప్పుకోను.